చదవని కాగితం మీద సంతకం

(మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకాలో ఒక ఊళ్లో ఆదివారం పొద్దున ఒక మహిళా వకీలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అవ్వలకు, బాపులకు దండాలు. వెనకాల చెట్టు కింద నిలబడ్డ తమ్ముళ్లు కొంచెం ముందుకు రండి. ఈ మాటలు ముఖ్యంగా మీ కోసమే.

మా నాన్న సంగతితో మొదలుపెడతాను. నాకప్పుడు పన్నెండేళ్లు. నాన్న అంగడికి పోయి, చాయ్ హోటల్ దగ్గర నిలబడితే ఒక పోలీసు జమాదారు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. "పంచ్ కావాలి, సంతకం పెట్టు" అన్నాడు. పంచ్ అంటే పంచనామాకు సాక్షి. కాగితమంతా మరాఠీ. నాన్న మరాఠీ మాట్లాడతాడు గానీ చదవలేడు. తెలుగు అక్షరాలు మాత్రం వచ్చు. సంతకం పెట్టి, చాయ్ తాగి ఇంటికొచ్చాడు. రెండేళ్ల తరువాత కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. అప్పుడు తెలిసింది, ఆ కాగితం దారూ, అంటే మద్యం, పట్టుకున్న పంచనామా అని, సీసాలు తన కళ్ల ముందే పట్టుకున్నట్టు నాన్న సాక్ష్యం చెప్పాలని.

నాన్న అబద్ధం చెప్పలేదు. "సంతకం నాదే సాబ్, సీసాలు నేను చూడలేదు" అన్నాడు. సర్కారీ వకీలు లేచి నాన్నను "ఫితూర్" అన్నాడు. ఇక్కడి కోర్టుల్లో ఎదురు తిరిగిన సాక్షిని అలా అంటారు. మనకు ఫితూరీ అంటే తిరుగుబాటు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని "నేనెవరి మీద తిరగబడ్డానే?" అని నాన్న అమ్మను అడగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కేసులో ఆరోపీ, అంటే నిందితుడు, మా పక్కూరి పిల్లవాడే. అతనితో వేయించుకున్న వేలిముద్రల కింద ఏం రాసుందో జైలు నుంచి బయటికి వచ్చేదాకా అతనికీ తెలియదు.

ఇన్నేళ్లుగా కోర్టుకు తిరుగుతున్నాను. మనవాళ్లు చేసిన పనికి పడ్డ శిక్షలు చూశాను, చేయని పనికి పడ్డ బాధలూ చూశాను. రెండింటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించేది ఒక్కటే, చదవకుండా పెట్టిన సంతకం. అందుకే ఇవాళ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

2024 జూలై 1 నుంచి దేశమంతా కొత్త చట్టాలు నడుస్తున్నాయి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సాక్ష్య చట్టమూ మారింది. ఇవి కాక మన రాష్ట్రానికి సొంత చట్టాలున్నాయి: 1887 నాటి జూదం చట్టం, 1949 దారూబందీ చట్టం, 1951 పోలీసు చట్టం. మన చుట్టాలు గోదావరి అవతల తెలంగాణలో ఉన్నారు, మన పెళ్లిళ్లు అటు జరుగుతాయి, కాళేశ్వరం దర్శనానికి పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తాం. కానీ వంతెన ఇవతల అడుగు పెట్టగానే చట్టం వేరు.

దీనికి దారూ కన్నా మంచి ఉదాహరణ లేదు. మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ ఉంది. ఆడవాళ్లు, ఊరూరి జనం కొట్లాడి తెచ్చుకున్న నిషేధం అది, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పక్కన చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు, మన దగ్గర అలాగే ఉంది. అవతలి ఒడ్డున దుకాణంలో బిల్లుతో కొన్న సీసా అక్కడ సామాను, ఇక్కడ ముద్దేమాల్, అంటే కేసులో పట్టుకున్న సొమ్ము. "కొన్న రసీదు ఉంది మేడం" అని ఒక తమ్ముడు నాకు చూపించాడు. ఆ రసీదు అతన్ని కాపాడదు. సీసా అతనిదేనని అదే చెబుతుంది.

తాగి బజారులో అల్లరి చేస్తే ఒక సెక్షను. సీసాలు తేవడం, దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం వేరే. అవన్నీ 65వ సెక్షను కిందికి వస్తాయి, దాని శిక్ష ఏళ్లలో ఉంటుంది. ఎక్కువ మొత్తంలో దొరికితే మోసిన బండిని తీర్పు వచ్చేదాకా బాండు మీద వదలకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. బండి కిస్తీలు కడుతున్న తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. స్నేహితుడు "కొంచెం సామాను ఉంది, వంతెన దాటించు" అంటే ఆ సామాను ఏమిటో చూసుకునే బాధ్యత మీది.

గంజాయి ఇంకా బరువైన సంగతి. దానికి 1985 నాటి కేంద్ర మాదకద్రవ్యాల చట్టం ఉంది. కిలో దాకా చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష, జామీను, అంటే బెయిలు, దొరకడం చాలా కష్టం. ఒంటి మీద వెతికే ముందు, "గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ వెతికించుకునే హక్కు నీకుంది" అని పోలీసులు చెప్పి తీరాలి. ఒంటి తనిఖీకి మాత్రమే ఇది, చేతిలో సంచికి వర్తించదు.

ఇప్పుడు అరెస్టు గురించి. మరాఠీ కాగితంలో దాన్ని "అటక్" అంటారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పడం రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. చెప్పడం అంటే మనకు అర్థం కావాలి కదా? అర్థమయ్యే భాషలో చెప్పాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్నది. అదే ఏడాది నవంబరులో, ముంబైలో జరిగిన ఒక కారు ప్రమాదం కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. ఏ నేరానికి అరెస్టు చేసినా కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అక్కడికక్కడ రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టడానికి కనీసం రెండు గంటల ముందు రాసివ్వాలి. అలా చేయకపోతే ఆ అరెస్టూ, రిమాండూ చెల్లవు. విడిచిపెట్టాక సరిగ్గా కారణాలిచ్చి మళ్లీ అరెస్టు చేసే వీలు పోలీసులకు ఉంటుంది, అది కూడా దాచకుండా చెబుతున్నాను. కానీ ఆ తీర్పు మనలాంటి సరిహద్దు జనానికి ఎంత పెద్ద ఆసరానో ఆలోచించండి. అది మన రాష్ట్రం కేసులోనే వచ్చిన తీర్పు, మన ఠాణాలన్నీ దానికి లోబడి ఉండాలి.

ఇప్పుడు నాతో పాటు మూడు మాటలు పలకండి. సిగ్గుపడకండి, అందరూ పలకండి. "మలా మరాఠీ వాచ్‌తా యేత్ నాహీ." నాకు మరాఠీ చదవడం రాదు. "మలా తెలుగూత్ సమజావూన్ సాంగా." నాకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పండి. "మలా వకీల్ హవా." నాకు వకీలు కావాలి. అవ్వా, నువ్వు అందరికన్నా స్పష్టంగా పలికావు.

కోపంగా, కొట్లాటగా అడగవద్దు. చేతులు కట్టుకుని అడిగినా హక్కు హక్కే. పోలీసును నెట్టేస్తే సర్కారీ ఉద్యోగి మీద చేయి చేసుకున్నారని ఇంకో పెద్ద గున్హా, అంటే నేరం, దాఖలవుతుంది, అసలు కేసు కన్నా అదే బరువవుతుంది.

అయితే ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, దేని మీద పెట్టకూడదు? ఇది జాగ్రత్తగా వినండి. ఠాణాలో మీరు చెప్పింది రాసుకుంటారు, దాన్ని మరాఠీలో "జబాబ్" అంటారు. మనవాళ్లు జవాబు అనుకుంటారు, ప్రశ్నకు సమాధానం రాసుకున్నారేమో అనుకుంటారు. అది వాంగ్మూలం. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతుంది, నాగరిక సురక్షా సంహితలో 181వ సెక్షను. ఠాణాలో "నేనే చేశాను" అన్నా ఆ ఒప్పుకోలును కోర్టు మీ మీద సాక్ష్యంగా తీసుకోదు. ఆ మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే మాత్రం, ఆ దొరికిన మేరకు చెల్లుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరడిగినా, ఎంత మంచిగా అడిగినా పెట్టకండి.

అరెస్టు మెమో వేరు. దాని మీద మీ సంతకం ఉంటుంది, మీ ఇంటివాళ్లో ఊళ్లో మర్యాదగల మనిషో సాక్షిగా సంతకం పెట్టాలి. తారీఖు, టైం ఉండాలి. పెట్టక తప్పని చోట తెలుగులోనే పెట్టండి. దాని పైన తెలుగులోనే రాయండి: "నాకు మరాఠీ చదవడం రాదు, నాకు తెలుగులో చెప్పలేదు." తెలుగు సంతకం చెల్లదని ఎవరైనా అంటే నమ్మవద్దు. మా నాన్న ఆ చాయ్ హోటల్ దగ్గర ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే కోర్టులో ఆ మాట పడేవాడు కాదు.

పంచ్‌గా పిలిచినప్పుడూ ఇదే. కళ్లతో చూసిన దానికే సంతకం. ఇప్పుడు తనిఖీ, జప్తు, వస్తువుల జాబితా, పంచ్‌ల సంతకాలు అన్నీ మొబైల్లో వీడియో తీయాలని కొత్త చట్టంలో 105వ సెక్షను వచ్చింది. మీ ఇంట్లో తనిఖీ జరిగితే "వీడియో తీస్తున్నారా సాబ్" అని అడగండి.

ఆడవాళ్ల సంగతి త్వరగా చెబుతాను. పొద్దు గూకిన తరువాత, తెల్లవారక ముందు ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సాక్ష్యం అడగడానికి ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన వాళ్లను ఠాణాకు రమ్మనకూడదు, ఇంటికి వచ్చి అడగాలి. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరానికి 60 దాటిన ముసలివాళ్లనూ, ఆరోగ్యం బాగాలేని వాళ్లనూ డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

చిన్న గొడవల మాటకొస్తే, ఊళ్లో ఎక్కువగా వినేది "ఎన్‌సీ", అంటే నాన్-కాగ్నిజబుల్. గట్టు దగ్గర కొట్లాట, తిట్లు, చిన్న దెబ్బలు, ఇలాంటివి ఎన్‌సీగా రాసుకుంటారు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దాని మీద దర్యాప్తు చేయలేరు, వారంటు లేకుండా అరెస్టూ చేయలేరు. కానీ అదే గొడవలో గొడ్డలో కత్తో లేస్తే లెక్క మారిపోతుంది. ఇక "చాప్టర్ కేసు" అని తహసీల్ నుంచి నోటీసు వస్తుంది. పండగ ముందో, ఎన్నికల ముందో ఎక్కువ వస్తాయి. అది శిక్ష కాదు, శాంతంగా ఉంటానని బాండు అడగడం. విచారణలో మీ మాట చెప్పుకునే హక్కుంది, నోటీసు చూసి భయపడి ఊరు విడిచి పారిపోకండి.

సంక్రాంతి కోడి పందేలు, కోంబడా బజార్, చీట్లపేక, మట్కా: పందెం కాస్తే జూదం చట్టం, కోళ్లను కొట్లాడిస్తే 1960 నాటి జంతువుల క్రూరత్వ నిరోధక చట్టం. శిక్ష పెద్దది కాకపోవచ్చు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది, తమ్ముళ్లూ, మీకు అది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

కోర్టు వరండాలో ఎవరో చెవిలో చెబుతారు: "గున్హా కబూల్ చెయ్, దండం కట్టు, సాయంత్రం బస్సుకు ఇంటికి పోవచ్చు." దండం అంటే ఇక్కడ జరిమానా. నిజమే, పోవచ్చు. కూలి పోకుండా, తారీఖులకు తిరగకుండా బయటపడతాం. కానీ కబూల్ అంటే నేరం రుజువైనట్టే. అది రికార్డులో ఉంటుంది. రేపు పోలీసు భరతీకో, ఎస్టీ మహామండల్లో, అంటే మన రాష్ట్ర ఆర్టీసీలో, డ్రైవర్ ఉద్యోగానికో పోయినప్పుడు చారిత్ర్య దాఖలా, అంటే నడవడి సర్టిఫికెట్, అడుగుతారు, అప్పుడు ఆ ఐదు వందల దండం బయటికి వస్తుంది. జూదం, దారూ కేసులు ఇలా రెండు మూడు పేరుకుంటే "తడీపార్" ప్రతిపాదన పెట్టే వీలుంది. పోలీసు చట్టం కింద రెండేళ్ల దాకా జిల్లా బయటికి పంపే ఉత్తర్వు అది. తడీపార్ నోటీసు వచ్చినా అయిపోయిందనుకోవద్దు. ఆరోపణలు రాసివ్వాలి, వకీలుతో మీ జవాబు వినాలి, ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో సర్కారుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఒక పిల్లవాడు గుర్తొస్తాడు. పేకాట కేసులో కబూల్ చేశాడు. అసలు ఆడలేదు, చూస్తూ నిలబడ్డాడు. "బస్సు పోతుందని ఒప్పుకున్నాను అక్కా" అన్నాడు నాతో, మూడేళ్ల తరువాత, ఉద్యోగం కాగితాలు పట్టుకుని. అప్పటికి నేను చేయగలిగింది చాలా తక్కువ. కబూల్ చేసే ముందు ఒక్కసారి వకీలును అడగండి. నిజంగా తప్పు చేసినా దారులున్నాయి. మొదటిసారి చేసినవాణ్ణి మందలించి, మంచి నడవడి బాండు మీద విడిచే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష అని కొత్త సంహితలో పెట్టారు.

అరెస్టు జరిగితే ప్రయాణం టైం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇక్కడ మనవాళ్లు పోగొట్టుకునే అవకాశం ఒకటుంది. జడ్జి సాబ్ అడుగుతారు: "పోలిసాంవిరుద్ధ్ కాహీ తక్రార్ ఆహే కా?" పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని. అర్థం కాక మనవాడు తల అడ్డంగా ఊపుతాడు. "తక్రార్ లేదు" అని రాసుకుంటారు. కొట్టి ఉంటే ఆ క్షణంలోనే చెప్పాలి, తెలుగులో చెప్పినా సరే. అంతకు ముందు వైద్య పరీక్షకు తీసుకుపోతారు, అక్కడ డాక్టరుకు దెబ్బలు చూపించి రాయమనాలి. కేసు నడిచేటప్పుడు కూడా మీకు రాని భాషలో సాక్ష్యం జరిగితే, మీకు తెలిసిన భాషలో అక్కడే చెప్పించాలని చట్టం ఉంది. మీకు అర్థం కావడం లేదని జడ్జికి తెలియాలి కదా, అందుకే చేయెత్తండి.

పీసీఆర్, ఎంసీఆర్ అన్న మాటలు విని ఇంట్లో ఆడవాళ్లకు టెన్షన్. పీసీఆర్ అంటే మనిషి పోలీసుల దగ్గర ఉంటాడు, మొత్తం 15 రోజులు దాటకూడదు. ఎంసీఆర్ అంటే జైలు. చార్జిషీట్ 60 రోజుల్లో, పెద్ద నేరమైతే 90 రోజుల్లో రావాలి. గంజాయి పెద్ద మొత్తం కేసుల్లో 180. రాకపోతే జామీను మన హక్కు, కానీ దరఖాస్తు పెట్టి అడగాలి. చార్జిషీట్ వచ్చేసిందంటే ఆ అవకాశం పోయినట్టే. అందుకే ఇంట్లో క్యాలెండర్ మీద అరెస్టు రోజుకు గుర్తు పెట్టండి.

జామీను వచ్చినా జామీందార్, అంటే పూచీ నిలిచే మనిషి, దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. మన అన్నదమ్ములు చెన్నూరులో, మహదేవ్‌పూర్‌లో ఉంటారు, "వేరే రాష్ట్రం ఆస్తి కుదరదు" అంటారు. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు దీన్నే తప్పుపట్టింది. అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మనల్ని తలుచుకున్నారు: ఒక తెలుగువాడో తమిళుడో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీందార్‌ను ఎక్కడి నుంచి తెస్తాడు అని అడిగారు. బస్తర్ ఇంద్రావతి అవతలే ఉంది మనకు. ఆ తీర్పు పేరు మీ వకీలుకు గుర్తుచేయండి. జామీను ఇచ్చే వీలున్న చిన్న నేరాల్లో వారం రోజులు జామీందార్ దొరకకపోతే పేదవాడిగా లెక్కించి సొంత బాండు మీదే విడవాలి.

వకీలుకు డబ్బు లేదంటారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆస్తి అడగకుండా సర్కారే వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు. ఇలా సర్కారు ఇచ్చే వకీలు అంటే పోలీసుల వకీలు అనుకుంటారు మనవాళ్లు. కాదు. నేనూ ఆ పని చేస్తాను, మీ తరఫునే నిలబడతాను.

అక్కా, ఇందాకటి నుంచి సంచిలోంచి కాగితం తీసి చూపిస్తున్నావు, ఇటు ఇవ్వు. భయపడకు, ఇది అరెస్టు కాదు. 35(3) నోటీసు అంటారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, అరెస్టు అవసరం లేదనుకుంటే ఇలా పిలుస్తారు. పిలిచిన రోజు పోతే, పిలిచినప్పుడల్లా పోతూ ఉంటే, కారణం రాయకుండా అరెస్టు చేయకూడదు. పోకపోతే మాత్రం అరెస్టు చేయవచ్చు. తారీఖు గురువారం ఉంది. మీ అబ్బాయిని తీసుకుని బుధవారం సాయంత్రం రా. నోటీసు నీ దగ్గరే పెట్టుకో, నేను ఫోటో తీసుకుంటాను. వాడికి ఆ మూడు మాటలు నేర్పు. ఇంకా కాగితాలున్న వాళ్లు ఈ పక్క వరసలో కూర్చోండి, మధ్యాహ్నం బస్సు దాకా నేను ఇక్కడే ఉంటాను, ఒక్కొక్కటి చదివి తెలుగులో చెబుతాను.